సూది రిజిస్టరు

నా రాతలో ఒత్తులు తప్పిపోతే చదివేవారు సర్దుకోవాలి. నేను అక్షరాలు దిద్దింది అరవై ఒకటో ఏట. పలక మీద వేలు తిరగడానికే రెండేళ్ళు పట్టింది. ఈ నాలుగు కాగితాలూ రాసేసరికి ఒక కోతల కాలం గడిచిపోయింది. ఈ సంగతి నాకంటే తొందరగా చెప్పగలవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు గానీ, వాళ్ళెవరూ ఆ ఉత్తర్వు చివరిదాకా చదవలేదు. నేను చదివాను. నాకు మధ్యలో ఆపడం రాదు, ఆపితే ఎక్కడ ఆపానో మళ్ళీ దొరకదు.

మా ఊరు గెడ్డవలస. గెడ్డ అంటే మా వైపు వాగు. తారురోడ్డు దిగితే నా ఇల్లు, నా పెరడు దాటితే గెడ్డ. మూడు సెంట్ల స్థలం, రెండు గదులు, ఒక పనసచెట్టు. ఇరవై ఆరేళ్ళ కిందట ఆడవాళ్ళ పేరున స్థలాలిచ్చినప్పుడు వచ్చింది. మా ఆయన అప్పన్న, నేను గెడ్డలో ఇసుక మోసుకొచ్చి, ఇటుక మేమే కోసుకుని కట్టుకున్నాం. ఆయన పోయింది కూడా ఆ వాకిట్లోనే. నాకున్నది ఆ ఇల్లొకటే. పట్టా కాగితం మీద నా వేలిముద్ర ఉంటుంది, దాని పైన నాలుగు హద్దులు. తూర్పు దాలమ్మ ఇల్లు, పడమర పంచాయతీ బోరు, ఉత్తరం తారురోడ్డు, దక్షిణం గెడ్డ. మనిషిని తండ్రి పేరుతో ఆనవాలు పట్టినట్టు, భూమిని ఈ నాలుగు మాటలతోనే ఆనవాలు పడతారు. అవి తప్పితే ఆ భూమి ఎవరికీ పుట్టని బిడ్డ.

ఇక తహసీల్దారు చిదానందంగారి సంగతి. ఆయన మా మండలానికి రాకముందు వేరే చోట పనిచేస్తుండగా అక్కడ వరద వచ్చింది. విచారణలో ఆయన పేరు పక్కన 'ముందస్తు సన్నద్ధత లోపించినది' అని రాశారట. ఆ మూడు మాటలు ఆయన్ని ముల్లులా పొడిచాయి. మా దగ్గరకు వచ్చాక ఆయన ప్రతిదానికీ సన్నద్ధంగానే ఉన్నారు. ఎండాకాలంలో మా చేత ఇసుక బస్తాలు కట్టించారు. తుఫానులో మజ్జిగ పంచారు. ఏది వచ్చినా ఆయన దానికి ముందే ఉండేవారు, కాకపోతే దాని పక్క వీధిలో.

పోయిన ఏడాది ఆయన్ని మూడు రోజుల శిక్షణకు పట్నం పిలిచారు. ఒక ప్రొఫెసరుగారు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఉపన్యాసం చెప్పారట. భూమి పెద్ద అయస్కాంతమని, దాని కడుపులో కరిగిన ఇనుము తిరుగుతుంటుందని, అప్పుడప్పుడు ఆ అయస్కాంతం తలకిందులై ఉత్తర ధ్రువం దక్షిణానికి, దక్షిణ ధ్రువం ఉత్తరానికి మారుతుందని, ఇలా లోగడ ఎన్నోసార్లు జరిగిందని, మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేమని అన్నారట. సూర్యుడికి పదకొండేళ్ళకోసారి ఇలాగే అవుతుందట. అంగారక గ్రహానికైతే ఆ అయస్కాంతం ఎప్పుడో చచ్చిపోయిందట. చిదానందంగారు ఇంతవరకూ విన్నారు. ఆఖరిసారి ఇలా జరిగి ఏడెనిమిది లక్షల ఏళ్ళయిందని, మొదలైనా పూర్తికావడానికి వేల ఏళ్ళు పడుతుందని చెప్పిన రెండో సగంలో ఆయన కునుకు తీశారని, ఆయన పక్క కుర్చీలో కూర్చున్న సర్వేయరు ఎర్రునాయుడు తర్వాత మాకు చెప్పాడు.

తిరిగొచ్చిన సోమవారమే మండలాఫీసులో సభ పెట్టారు. కుర్చీలు ఖాళీగా కనిపించకూడదని అంగన్‌వాడీ టీచరు హైమావతిని, ఆవిడ దగ్గర చదువుకుంటున్న మమ్మల్ని పదమూడుమందినీ పిలిచారు. హైమావతి నాకంటే ముప్పై ఏళ్ళు చిన్నది, నా చేత బలపం పట్టించింది ఆవిడే.

చిదానందంగారు లేచి, భూగర్భమందలి ద్రవరూప లోహము తన విధులను ఏ క్షణమునైనా మార్చుకొను అవకాశము కలదని, సదరు మార్పు గురించి భూమి ఈ కార్యాలయమునకు ముందస్తు నోటీసు ఇచ్చు బాధ్యత వహించదని, కనుక కార్యాలయమే భూమికంటె ముందుండవలెనని చదివారు. అంగారకుడి మీద ఇటువంటి సన్నద్ధత లేనందువల్లనే అక్కడ ఒక్క ప్రభుత్వ కార్యాలయమూ మిగలలేదని కూడా అన్నారు. వెనక వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

హైమావతి లేచి, భూమి అయస్కాంతం తిరిగినా సూది మాత్రమే అటు చూస్తుందనీ, ఉత్తరం ఎక్కడికీ పోదనీ, ధ్రువనక్షత్రం ఉన్న వైపే ఉత్తరమనీ మర్యాదగానే చెప్పింది.

చిదానందంగారు ఆవిడ వైపు జాలిగా చూశారు. "అమ్మా, నక్షత్రం పనిచేసేది రాత్రి. ఆఫీసు పనిచేసేది పగలు," అన్నారు.

ఆ వారమే ఆఫీసుకు ఒక దిక్సూచి వచ్చింది. అరచేతిలో పట్టే ఇత్తడి డబ్బా, లోపల ఎర్రటి ముక్కున్న సూది. దాన్ని చూడ్డానికి జూనియర్ అసిస్టెంటు సింహాచలాన్ని వేశారు. ఆయన పదవీ విరమణకు దగ్గరపడ్డ మనిషి, తొందరలేనివాడు. అట్ట వేసిన పెద్ద పుస్తకం ఒకటి తెరిచి దాని మీద 'సూది రిజిస్టరు' అని రాశారు. ఆఫీసు వేళల్లో గంటగంటకూ సూదిని చూసి, తిరిగిందో లేదో రాయాలి. సింహాచలం రోజుకు ఎనిమిదిసార్లు 'తిరగలేదు' అని రాసేవాడు. ఆదివారాలూ పండగలూ సెలవు కాబట్టి ఆ రోజుల్లో భూమి తిరగకూడదని ఒక సర్క్యులరు కూడా తీసి గోడకు అంటించారు.

ఇలా నాలుగు నెలలు గడిచాయి. శ్రావణంలో ముసురు పట్టి, సింహాచలం బల్ల మీద కప్పు కారింది. ఆయన బల్లను ఈడ్చుకెళ్ళి ఇనుప బీరువా పక్కన వేసుకున్నాడు. పదకొండు గంటల నలభై నిమిషాలకు డబ్బా తెరిచి చూస్తే సూది ఎర్రముక్కు గిర్రున తిరిగి బీరువా వైపు చూస్తోంది. బీరువా ఉన్నది దక్షిణం గోడకు.

ఆయన కలం తీసి 'తిరిగినది, 11.40' అని రాసి, ఇద్దరు అటెండర్ల చేత సాక్షి సంతకాలు పెట్టించి, తుఫాను సైరను నొక్కాడు.

ఆ రోజు మండలంలో జరిగింది చెబితే నవ్వుతారు. గెడ్డ పొంగుతోందని సగం ఊరు గుట్టెక్కింది. గుట్ట మీద పిడుగులు పడతాయని చెప్పి ఎవరో దింపేశారు. మధ్యాహ్నం హైమావతి గొడుగేసుకుని ఆఫీసుకు వెళ్ళి, దిక్సూచిని చేత్తో పట్టుకుని వాకిట్లో వేపచెట్టు కిందకు తీసుకెళ్ళింది. సూది బుద్ధిగా పాత ఉత్తరం వైపు తిరిగింది. లోపలికి తెచ్చి బీరువా పక్కన పెడితే మళ్ళీ బీరువాకే మొక్కింది. ఇనుము పక్కన పెడితే సూది ఇనుమునే చూస్తుందని, ఆరో తరగతి పుస్తకంలో ఉందని చెప్పింది.

దానికి చిదానందంగారు, ఆరుబయట తీసిన రీడింగు అధికారిక రీడింగు కాదని, రిజిస్టరు ఉన్న చోటనే రీడింగని సెలవిచ్చారు. అయితే బీరువా జరపమంటే, అందులో పాత రికార్డులున్నందున జిల్లా అనుమతి కావాలన్నారు. పోనీ ఆ ఒక్క వరుస కొట్టేయమంటే, రిజిస్టరులో కొట్టివేతలు నిషిద్ధమన్నారు. "రాసినది తప్పని భూమి వచ్చి నిరూపించుకోవాలి," అన్నారు.

ఆ విధంగా మా మండలంలో భూమి తలకిందులైంది. పక్క మండలంలో కాలేదు.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. పంచాయతీ గోడకు అంటించినప్పుడు నేను కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని రెండు పూటలు నిలబడి మొదటి పేజీ చదివాను. తక్షణమే అమలులోకి వచ్చునట్లుగా ఈ మండల పరిధిలో ఉత్తరమును దక్షిణముగాను, దక్షిణమును ఉత్తరముగాను వ్యవహరించవలెను. తూర్పు, పడమరలు సూర్యునికి సంబంధించినవైనందునను, సూర్యుడు ఈ శాఖ పరిధిలోకి రానందునను అవి యథాతథంగా ఉండును.

ఎర్రునాయుడు ఆ లెక్కన ఊరి పటం గీసుకుని తహసీల్దారు దగ్గరకు పట్టుకెళ్ళాడు. రెండు దిక్కులు మార్చి రెండు వదిలేస్తే పటం అద్దంలో చూసినట్టు వచ్చింది. కుడి పక్క ఇళ్ళు ఎడమకు పోయాయి. పటం చూడాలంటే అద్దం పట్టుకోవాలి సార్ అన్నాడు. చిదానందంగారు ఒక నిలువుటద్దం మంజూరు చేశారు.

బడిలో ఇంకో చిక్కు వచ్చింది. ఉదయిస్తున్న సూర్యునికి ఎదురుగా నిలబడితే ఎడమచేతి వైపు ఉత్తరమని పిల్లలకు నేర్పుతారు కదా. ఇప్పుడు ఎడమచేతి వైపు దక్షిణమైంది. హెడ్మాస్టరు ఏం చేయమంటారని రాస్తే, పాఠం మార్చడం విద్యాశాఖ పని కాబట్టి పాఠం అలాగే ఉంచి, విద్యార్థులు చేతులు మార్చుకోవలెనని జవాబొచ్చింది. ప్రార్థన వేళ వందమంది పిల్లలు సూర్యుడికి ఎదురుగా చేతులు కత్తెరలా అడ్డంగా చాచి నిలబడేవాళ్ళు. రోడ్డున పోయే బస్సులో జనం కిటికీల్లోంచి దణ్ణాలు పెట్టేవారు.

ఇళ్ళల్లో మంచాల గొడవ. ఉత్తరానికి తలపెట్టి పడుకోకూడదని మనకు నియమం. కొందరు ఉత్తర్వు ప్రకారం మంచాలు తిప్పారు. కొందరు తిప్పలేదు. మా దాలమ్మ ఎటు పడుకున్నా యముడి వైపే అవుతోందని మంచాన్ని ఐమూలగా వేసుకుంది. ఆ గదిలో అది అలా పట్టలేదు. కాళ్ళు గుమ్మంలోకి వచ్చి, వారం రోజులు ఆవిడ కాళ్ళు దాటి గానీ లోపలికి వెళ్ళలేకపోయాం.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. నేనూ నవ్వాను. ఉత్తర్వు రెండో పేజీ కూడా గోడకెక్కి, అది చదివేదాకా.

రెండో పేజీలో భూముల సంగతి ఉంది. మండలంలోని పట్టాలన్నింటిలో ఉత్తర దక్షిణ హద్దులు తారుమారు చేసి రాయాలట. మొత్తం పదకొండువేల పట్టాలు ఒక్కసారి మార్చలేరు కాబట్టి విడతలు పెట్టారు. మొదటి విడతలో వేలిముద్ర గల పట్టాలు. ఎందుకో కూడా దాచలేదు, శుభ్రంగా రాశారు. 'వేలిముద్రదారులు చదువుకొనలేనందున అభ్యంతరములు రావను అంచనాతో.' అటువంటివి నలభై ఒకటి. పదహారో నెంబరు దాలమ్మ. పదిహేడు నేను.

నా పట్టా ఇప్పుడు ఇలా ఉంది. తూర్పు దాలమ్మ ఇల్లు, పడమర పంచాయతీ బోరు, ఉత్తరం గెడ్డ, దక్షిణం తారురోడ్డు.

ఎర్రునాయుడు గొలుసు, దిక్సూచి పట్టుకుని కొలతలకు వచ్చాడు. ఆరుబయట బీరువా లేదు కాబట్టి సూది పాత ఉత్తరమే చూపించింది. కాగితంలో ఉత్తరం గెడ్డ, సూదికి ఉత్తరాన రోడ్డు. అతను నా వాకిట్లోనే నిలబడి, పైన గెడ్డా కింద రోడ్డూ ఉన్న మూడు సెంట్లు ఎక్కడుందో చూద్దామని ఊరంతా తిరిగాడు. మంచివాడే. రెండు పూటలు తిరిగి, ఎండకు మొహం కందిపోయి వచ్చి నా అరుగు మీద చతికిలబడ్డాడు.

"నీ స్థలం నేదు మామ్మా," అన్నాడు.

"నువ్వు కూకున్నదేటి నాయుడూ?"

"ఇది కాదు. ఇది ఇంకోటి. కాయితంలో ఉన్నది ఎక్కడా నేదు. ఇక్కడున్నది కాయితంలో నేదు."

నేనిచ్చిన మంచినీళ్ళు తాగి, 'స్థలము లభ్యము కాలేదు' అని రాసుకుని వెళ్ళిపోయాడు. దాలమ్మకూ అంతే. నలభై ఒక్కమందికీ అంతే.

నా స్థలం లేనప్పుడు నా ఇల్లున్న చోటు ఎవరిదీ కాదు. ఎవరిదీ కానిది ప్రభుత్వానిది. రోడ్డు పక్కన అంత చక్కటి ఖాళీ స్థలం దొరికినందుకు ఆఫీసులో సంతోషించారు. నా ఇంటి చోట భూ అయస్కాంత సన్నద్ధతా కేంద్రం కట్టాలని, దాలమ్మ ఇంటి చోట దానికి వచ్చే బళ్ళు నిలపాలని తీర్మానించారు. ఆక్రమణదారులు ఏడు రోజుల్లో ఖాళీ చేయవలెనని నోటీసు. ఆక్రమణదారు అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆ ఒత్తులు నాకు కొత్త. కూడబలుక్కుని చదివాక, అది నేనేనని తెలిసింది.

దాలమ్మ నోటీసు మడతపెట్టి రవికలో దోపుకుని నా గుమ్మంలో కూలబడింది. ఆవిడకు చదువు రాదు, వయసులో నాకంటే నాలుగేళ్ళు చిన్న. ఎటు పోదామప్పా అని అడిగింది, అప్ప అంటే మా వైపు అక్క. ఏ వైపుకు పోవాలన్నా ముందు ఆ వైపు పేరేమిటో ఆఫీసును అడగాలని నేనన్నాను. ఆవిడ ఏడుపులోంచి నవ్వింది గానీ, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఇంట్లో ప్రతి ఇటుకా నేను తిప్పి ఎండబెట్టిందే. గెడ్డ ఇసుకకు నా నడినెత్తి మీద జుట్టు ఊడిపోయింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఇంకో ఇంటికి ఇటుక కోయలేదు.

అభ్యంతరం రాశాను. అర ఠావు కాగితం, మూడు రోజులు పట్టింది. హైమావతి తప్పులు దిద్దుతానంటే వద్దన్నాను, నా అభ్యంతరం నా చేతిరాతలోనే ఉండాలని. పట్టుకెళ్ళి ఇచ్చాను.

చిదానందంగారు చదివి, ఇది ఎవరు రాశారని అడిగారు. నేనేనన్నాను.

"మీ పట్టా మీద వేలిముద్ర ఉంది."

"అప్పటికి రాదు బాబుగారూ. ఇప్పుడొచ్చింది."

"రికార్డు ప్రకారం ఈ పట్టాదారుకు రాయడం రాదు. మీకు వచ్చు. కాబట్టి మీరు పట్టాదారు కారు. పట్టాదారు కానివారి అభ్యంతరం మేం తీసుకోలేం."

ఆయన ముందే కాగితం మీద నా పేరు రాసి చూపించాను. మరీ మంచిది, ఇప్పుడు పూర్తిగా రుజువైంది అన్నారు. నేనే పట్టాదారునని చూపించుకోవాలంటే నాకు చదువు రాదని ఒక ధ్రువపత్రం తెచ్చుకోవాలట. అది తెస్తే నేను పట్టాదారునే అవుతాను. అయితే చదువు రానివాళ్ళు అభ్యంతరం రాయలేరు కాబట్టి, అప్పుడు ఈ కాగితం నాది కాకుండా పోతుంది. ఆయన ఇదంతా కోపంగా చెప్పలేదు. అన్నం తినిపిస్తున్నట్టు నెమ్మదిగా చెప్పారు. ఆ నెమ్మది చూసే నాకు భయం వేసింది.

ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. ఆఫీసు వరండాలో కూర్చున్నాను. మర్నాడూ వచ్చి కూర్చున్నాను. పొమ్మన్నవాళ్ళు లేరు, రమ్మన్నవాళ్ళూ లేరు. ఊరికే కూర్చోలేక గోడల మీద ఉన్నవన్నీ చదవడం మొదలుపెట్టాను. పొగ తాగరాదు. లంచము అడిగినచో ఈ నెంబరుకు తెలుపుడు, ఆ నెంబరు మీద సున్నం వేసేశారు. ఆదివారం భూమి తిరగరాదు. మూడో రోజుకి వరండా చివరకు వచ్చాను. అక్కడ తలుపు పైన అద్దం కట్టిన పాత కాగితం ఒకటి ఉంది. సాలెగూడు దులిపి, స్టూలు అడిగి ఎక్కి చదివాను.

అది దానపట్టా. ఈ ఆఫీసు కట్టుకోవడానికి బూరాడ చిన్నమ్మి అనే ఆవిడ ముప్పై సెంట్లు దానమిచ్చిందట. నేను పుట్టకముందు మాట. నాలుగు హద్దులూ రాసి ఉన్నాయి. ఉత్తరం సంత, దక్షిణం రహదారి. కింద చిన్నమ్మి చేతి గుర్తు. గుండ్రటి, నల్లటి, శుభ్రమైన వేలిముద్ర.

నేను స్టూలు మీదే కాసేపు నిలబడిపోయాను. సింహాచలం కళ్ళు తిరిగాయా అని అడిగాడు. లేదు బాబూ, కాగితం కావాలి అన్నాను.

ఈసారి అభ్యంతరమని రాయలేదు. సమాచారమని రాశాను. సమాచారం ఎవరైనా ఇవ్వొచ్చని వరండా గోడ మీదే ఉంది. మొదటి విడతలో వేలిముద్ర గల పట్టాలు నలభై ఒకటని రాశారు, అవి నలభై రెండని, నలభై రెండోది ఈ ఆఫీసుదేనని, దానిని కూడా ఉత్తర్వు ప్రకారం సవరించి కొలిపించవలెనని కోరుతున్నానని రాశాను. కింద సంతకం చేశాను. తీసుకున్నట్టు ముద్ర వేయమన్నాను. సింహాచలం చదవకుండానే ముద్ర వేసి, వరుస నెంబరు ఇచ్చి, రిజిస్టరులో ఎక్కించాడు. ఆ ఆఫీసులో ఎక్కించింది కొట్టేయకూడదు కదా.

ఎర్రునాయుడికి కొలవమని కాగితం వెళ్ళింది. అతను గొలుసు పట్టుకుని వచ్చి, ఆఫీసు చుట్టూ తిరిగి, సంత దాకా నడిచి, రహదారి దాకా నడిచి, తిరిగొచ్చి వేపచెట్టు కింద నిలబడి చాలాసేపు నవ్వాపుకున్నాడు. ఆపుకోలేక చెట్టు వెనక్కి వెళ్ళాడు. తర్వాత మొహం తుడుచుకుని, ఉత్తరాన రహదారి, దక్షిణాన సంత గల ముప్పై సెంట్లు ఈ ఊళ్ళో ఎక్కడా లేవని, స్థలము లభ్యము కాలేదని రాసిచ్చాడు.

మర్నాడు, మా ఏడు రోజుల గడువులో అది ఆరో రోజు, మమ్మల్ని నలభై ఒక్కమందినీ ఆఫీసుకు పిలిచారు. మేం చెప్పులు బయట విడిచి లోపల నేల మీద కూర్చున్నాం. చిదానందంగారు కుర్చీలో కూర్చుని ఎర్రునాయుడి నివేదిక చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. ఆయన నా అంత నెమ్మదిగా చదవడం నేను అప్పుడే చూశాను.

"నాయుడూ, ఈ ఆఫీసు లేదంటావు," అన్నారు.

"ఉంది సార్. కాయితంలో నేదు."

"మరి నేనెక్కడ కూర్చున్నట్టు?"

"ప్రభుత్వ ఖాళీ స్థలంలో సార్."

దాలమ్మ వెనక నుంచి, "ఆక్రమణదారన్నమాట," అంది. ఆవిడ ఆ మాట ఆ వారంలోనే నేర్చుకుంది. నేర్చుకున్న మాట వాడకుండా ఉండలేకపోయింది.

చిదానందంగారికి చెమట పట్టింది గానీ ఆయన నిబంధన తప్పే మనిషి కాదు. ఆ మాట ఆయన గురించి ఒప్పుకోవాలి. ఖాళీ స్థలంలో ఉన్నవారికి ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి కాబట్టి, ఆ కుర్చీలోనే కూర్చుని, శ్రీ చిదానందం, ఆక్రమణదారు, అని తన పేరున నోటీసు రాసి, తహసీల్దారుగా సంతకం చేసి, ఆక్రమణదారుగా పుచ్చుకున్నట్టు ఇంకో సంతకం చేశారు. తర్వాత ఏడు రోజులు చాలవు, పదిహేను కావాలని తనకే ఒక అర్జీ పెట్టుకున్నారు. దాన్ని సానుభూతితో పరిశీలించి మంజూరు చేశారు. అది మంజూరు చేశాక ఆయన కలం గాలిలోనే ఆగింది. లేని ఆఫీసులో కూర్చుని మంజూరు చేస్తే ఆ మంజూరు చెల్లుతుందా అని సింహాచలాన్ని అడిగారు. సింహాచలం ముప్పై మూడేళ్ళ సర్వీసు గలవాడు. ఆలోచించి, చెల్లదని, ఆ మాటకొస్తే శ్రావణం నుంచి ఈ ఆఫీసులో ఇచ్చిన ఏ ఉత్తర్వూ చెల్లదని, అందరి జీతాల బిల్లులతో సహా అని చెప్పాడు.

జీతాల మాట వినగానే గదిలో ఉద్యోగులందరూ ఒక్కసారిగా భూమి మీద శ్రద్ధ పెట్టారు. అప్పటిదాకా నాతో మాట్లాడని హెడ్డుగుమాస్తా లేచి, అయ్యా, బీరువా అటు జరిపితే బావుంటుందేమో అన్నాడు. ఇంకొకాయన హైమావతి టీచరు చెప్పిన ఆరో తరగతి పుస్తకం తెప్పిద్దామన్నాడు. చిదానందంగారు చేయెత్తి అందర్నీ ఆపారు. ఉత్తర్వు రద్దు చేస్తే పొరపాటు జరిగినట్టవుతుందని, పొరపాటు జరిగితే మళ్ళీ తన పేరు పక్కన రాస్తారని ఆయన దిగులు. ఆయన మొహం చూస్తే, ఆ క్షణంలో ఆయనకూ నాకూ పెద్ద తేడా కనిపించలేదు. ఇద్దరిదీ ఒకే భయం, మన పేరు పక్కన ఎవరో ఏదో రాస్తే ఇక మనం అదే అయిపోతామని.

నేను లేచి నిలబడ్డాను. "బాబుగారూ, రద్దు చెయ్యకండి. వాయిదా వేయండి," అన్నాను.

ఆయన నా వైపు చూశారు. నన్ను చూడ్డం అదే మొదటిసారనుకుంటాను. అంతకుముందు చూసింది పదిహేడో నెంబరును.

ఆ సాయంత్రానికల్లా కొత్త ఉత్తర్వు గోడకెక్కింది. 'భూ అయస్కాంత ధ్రువముల తారుమారు కార్యక్రమము, పరిపాలనా కారణముల దృష్ట్యా, తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు వాయిదా వేయడమైనది. ఇది శ్రావణ మాసము నుండి అమలులో ఉన్నట్లు భావించవలెను. అంతవరకు భూమి యథాస్థితిలో కొనసాగవలెను.' పిల్లలు చేతులు విడదీశారు. సన్నద్ధతా కేంద్రం ఫైలు బీరువాలోకి వెళ్ళింది. సింహాచలం బల్ల బీరువా పక్కనే ఉండిపోయింది, కప్పు ఇంకా బాగుచేయలేదు. ఆయన ఇప్పుడు రోజుకు ఎనిమిదిసార్లు 'తిరిగినది, అమలులో లేదు' అని రాస్తున్నాడు.

మా పట్టాలు మాకు తిరిగొచ్చాయి. హద్దుల పక్కన ఎర్రసిరాతో 'పాత దిక్కులు, తాత్కాలికం' అని ముద్ర ఉంది. దాలమ్మ ఆ ముద్ర మీద వేలు పెట్టి, తాత్కాలికమంటే ఎన్నాళ్ళని అడిగింది. నాకు తెలియక హైమావతిని అడిగాను. భూమి నిజంగా తిరగడానికి కొన్ని వేల ఏళ్ళు పడుతుందని, ఆఫీసులో వాయిదా పడ్డ పని మళ్ళీ కదలడానికి అంతకంటే ఎక్కువ పట్టినా పట్టవచ్చని చెప్పింది.

దాలమ్మ వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది. నోటీసు వచ్చిన దగ్గర్నుంచి మేమిద్దరం ఇంటి గోడల వైపు చూడ్డం మానేశాం. ఈసారి ఆవిడ నా గోడను నిదానంగా పైనుంచి కిందకు చూసింది.

"అయితే సున్నం ఏసేద్దామప్పా," అంది.

వేశాం.

మజ్జి సన్యాసమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ప్రస్తుత నివాసం గెడ్డవలసలో ఆ ఇంట్లోనే, తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు.